ఎండలో పుట్టి ఎండకి పోయే స్టిక్కరు కథ

కారు వెనకాల అంటించిన స్టిక్కరు ఎన్నాళ్ళుంటుంది? సియాటిల్‌లో ఉన్నవాళ్ళని అడిగితే ఒక లెక్క చెబుతారు, మా ఫీనిక్స్ వాళ్ళు అందులో సగం చెబుతారు, గుంటూరులో రేడియం షాపు నడిపే మా బాబాయి అయితే "ఎంత పెడతావు?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ముగ్గురూ చెప్పేది నిజమే. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే మన లెక్కలో 43 డిగ్రీలకి తగ్గలేదు. ఇక్కడ ఏ పార్కింగ్ లాటుకి వెళ్ళినా స్టిక్కర్ల శ్మశానంలా ఉంటుంది. పగుళ్ళిచ్చినవి, వెలిసిపోయినవి, మూలలు చుట్ట చుట్టుకున్నవి, సగం ఊడి మిగతా సగం మాత్రం ఏం చేసినా రానివి. వాటిని చూసీ చూసీ అసలు ఈ ప్లాస్టిక్కు కథేమిటో తెలుసుకోవాలనిపించింది. తీరా చదివితే అది నేననుకున్నదానికంటే చాలా పాత కథ.

ఈ కథలో విచిత్రం ఏమిటంటే, స్టిక్కరుని చంపేది ఏదో, దాన్ని పుట్టించిందీ అదే. 1872లో ఆయిగెన్ బౌమన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త వినైల్ క్లోరైడ్ అనే పదార్థాన్ని గాజు గొట్టాల్లో బిగించి ఎండలో ఉంచాడు. కొన్నాళ్ళకి లోపల తెల్లటి గట్టి పదార్థం పేరుకుంది. అదే పాలీవినైల్ క్లోరైడ్, మనం పీవీసీ అని పిలిచేది. దాంతో ఏం చెయ్యాలో అప్పుడు ఎవరికీ తోచలేదు. 1910లలో ఫ్రిట్జ్ క్లాటె అనే ఇంకో జర్మన్ దీని మీద పేటెంట్లు తీసుకున్నాడు. ఆయన కూడా ఎండనే వాడుకున్నాడు. కానీ తయారైన సరుకు పెళుసుగా ఉండేది, వేడి చేస్తే మెత్తబడే లోపే ఆమ్లం కక్కుతూ పాడయ్యేది. చివరికి 1925లో ఆ కంపెనీ పేటెంటుని వదిలేసింది.

మరుసటి సంవత్సరమే అమెరికాలో దాని దశ తిరిగింది. ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో టైర్లు చేసే గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ అనే యువకుడు రబ్బరుని లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతున్నాడు. ఈ పనికిరాని పీవీసీని త్వరగా ఆవిరి కాని ఒక ద్రావకంలో వేసి మరిగిస్తే, చల్లారాక జిగురు రాలేదు కానీ సాగే పదార్థం ఒకటి వచ్చింది. వంచితే వంగుతుంది, నీళ్ళు పీల్చదు. తర్వాత రోజుల్లో రెయిన్‌కోట్లు, స్నానాల గది తెరలు, కరెంటు తీగల తొడుగులు, ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న స్టిక్కర్లు, అన్నీ దాని సంతానమే. సెమన్ నూరేళ్ళు బతికి 1999లో పోయాడు. ఆయన సృష్టించిన సరుకుకి మాత్రం అంత ఆయుష్షు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కాస్త వంటింట్లోకి వెళ్ళాలి.

పీవీసీ స్వతహాగా గట్టిది. మన ఇళ్ళలో నీళ్ళ గొట్టాలు ఉంటాయే, అదన్నమాట. దాన్ని మెత్తగా చెయ్యడానికి నూనెలాంటి ద్రవాన్ని కలుపుతారు. చపాతీ పిండిలో నూనె వేస్తే చపాతీ మెత్తగా వస్తుంది కదా, అలాగే. ఈ మెత్తబరిచే ద్రవం పీవీసీతో రసాయనికంగా కట్టుబడి ఉండదు, గొలుసుల్లాంటి అణువుల మధ్య దూరి కూర్చుంటుంది, అంతే. కాబట్టి వేడి తగిలినప్పుడల్లా కొద్దికొద్దిగా బయటికి జారుకుంటుంది. కొంత గాలిలోకి పోతుంది, కొంత కిందనున్న జిగురులోకి దిగి దాన్ని మెత్తటి జావలా చేస్తుంది. నూనె పోయిన చపాతీలాగే స్టిక్కరు గట్టిపడి ముడుచుకుంటుంది, ఆ తర్వాత పగులుతుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇది అచ్చంగా మెమరీ లీక్. మొదట్లో ఎవరికీ తెలియదు, అంతా బాగానే నడుస్తున్నట్టుంటుంది, ఒకరోజు కూలబడుతుంది :)

ఈ ద్రవాల్లోనూ రకాలున్నాయి. చిన్న అణువులున్నవి చవక, అవి తొందరగా పారిపోతాయి. పొడుగాటి గొలుసు అణువులున్నవి ఖరీదు, అవి చిక్కుపడి అక్కడే ఉండిపోతాయి. అమ్మేవాళ్ళు మొదటిదాన్ని మోనోమెరిక్ అని, రెండోదాన్ని పాలీమెరిక్ అని అంటారు. బయట ఎండలో మొదటిది మూడు నాలుగేళ్ళు, రెండోది ఐదు నుంచి ఏడేళ్ళు అని సాధారణంగా చెప్పే మాట.

దీనికంటే పెద్ద తేడా షీటుని తయారు చేసే పద్ధతిలో ఉంది. ఒక పద్ధతిలో వేడి వేడి ప్లాస్టిక్కు ముద్దని పెద్ద పెద్ద రోలర్ల మధ్య నలిపి పలచగా సాగదీస్తారు. ఇది పూరీ ఒత్తడమే. పూరీ ఒత్తిన ప్రతివాళ్ళకీ తెలుసు, అప్పడాలకర్ర తియ్యగానే అది మళ్ళీ కొంచెం దగ్గరికి లాక్కుంటుంది. ఈ షీటు కూడా అంతే. సాగదీసిన సంగతి మర్చిపోదు, ఎండ తగిలినప్పుడల్లా పాత కొలతకి పోవాలని చూస్తుంది. అలా లాక్కున్నప్పుడే అంచుల చుట్టూ జిగురు గీత బయటపడి, దాని మీద దుమ్ము పట్టి నల్లటి చార కనబడుతుంది. రెండో పద్ధతిలో ప్లాస్టిక్కుని ద్రవంగా కలిపి ఒక కాగితం మీద పలచగా పోసి పొయ్యిలో ఆరబెడతారు. ఇది దోశ. దాన్ని ఎవరూ సాగదియ్యలేదు కాబట్టి వెనక్కి లాక్కోవాల్సిన పని లేదు. పూరీ రకం 75 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటే దోశ రకం 50 మైక్రాన్లే ఉంటుంది, అయినా ఎక్కువ కాలం నిలుస్తుంది. మందంగా ఉంటే గట్టిగా ఉంటుందని మనవాళ్ళు వేలితో నలిపి చూసి కొంటారు. ఇక్కడ ఆ లెక్క పనిచెయ్యదు.

ప్లాస్టిక్కు ఒకటి ఉంటే సరిపోదు కదా, జిగురు కావాలి. నీళ్ళలో నానబెట్టి జార్చి అతికించే బొమ్మలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి. డీకాల్ అన్న ఇంగ్లీషు మాట కూడా ఫ్రెంచి వాళ్ళు ఆ బొమ్మల పిచ్చికి పెట్టిన పొడుగాటి పేరులో మొదటి ముక్కే. వెనక కాగితం లాగి అతికించే రకం మాత్రం 1935 నాటిది. లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ ఏవరీ అనే కుర్రాడు కాబోయే భార్య దగ్గర వంద డాలర్లు అప్పు తీసుకుని, వాషింగ్ మెషీను మోటారు, కుట్టుమిషను భాగాలు కలిపి ఒక యంత్రం కట్టాడు. ఇప్పటి ఏవరీ డెనిసన్ కంపెనీకి మూలం అదే. ఆమె టీచరు ఉద్యోగం చేసేదిట. స్టార్టప్ కథలన్నిట్లో ఇలాంటి ఒక ఉద్యోగస్థురాలు ఉంటుంది, పేరు మాత్రం ఆయనది ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముందు వరకూ కార్ల బంపర్లకి అట్టముక్కల్ని తీగలతో కట్టేవాళ్ళు. యుద్ధం అయ్యాక కాన్సాస్ సిటీలో ఫారెస్ట్ గిల్ అనే ముద్రాపకుడు జిగురు కాగితం మీద మెరిసే రంగులతో అచ్చువేసి బంపర్ స్టిక్కరు అనేదాన్ని వాడుకలోకి తెచ్చాడంటారు. అవి కాగితాలు, వానొస్తే అంతే. తర్వాత వినైల్ వచ్చాక ఆయుష్షు నెలల నుంచి సంవత్సరాలకి పెరిగింది. ఎన్నికలు అయిపోయిన నాలుగేళ్ళకి కూడా ఓడిపోయిన అభ్యర్థి పేరుతో తిరిగే కార్లు అలా మొదలయ్యాయి.

ఇక మన రేడియం సంగతి. మెరిసే స్టిక్కరుని మనవైపు రేడియం అనే అంటాం, అది అతికించే షాపుని రేడియం షాపు అంటాం. అందులో రేడియం అణువు ఒక్కటి కూడా లేదు. ఒకప్పుడు చీకట్లో వెలిగే గడియారం ముళ్ళకి పూసిన రంగులో నిజంగానే రేడియం ఉండేది, అది తనంతట తాను వెలుగునిచ్చేది. 1920లలో అమెరికాలో ఆ రంగు పూసిన ఆడపిల్లలు ఎముకలు పుచ్చి చనిపోయారు, అది వేరే విషాదం. మన స్టిక్కరు తనంతట తాను వెలగదు. వచ్చిన వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది, అందుకే హెడ్‌లైటు వెనక కూర్చున్న డ్రైవరుకి అది మండుతున్నట్టు కనిపిస్తుంది, పక్కన నిలబడ్డవాడికి కనపడదు. 3ఎం కంపెనీ స్కాచ్‌లైట్ పేరుతో చేసిన ఇలాంటి షీటుతో మొదటి రోడ్డు గుర్తుని 1939లో మినియాపొలిస్‌లో పెట్టారు. దాని కిటుకంతా సన్నటి ఇసుకలాంటి గాజు పూసల్లో ఉంది. గాజుకి ఎండ వల్ల ఏమీ కాదు. ఆ పూసల్ని పట్టుకుని ఉండే ప్లాస్టిక్కుకి అవుతుంది, చిక్కల్లా అక్కడే.

మా బాబాయి మొదట్లో రేడియం షాపువాడు కాదు. బోర్డులు రాసేవాడు. కిరాణా కొట్లు, హోమియో వైద్యశాలలు, ట్యుటోరియల్ కాలేజీలు, లారీల వెనక సూక్తులు. ఒకే అక్షరాన్ని కుంచె ఎత్తకుండా లాగడం చూస్తే ముచ్చటేసేది. ఎనామిల్ రంగుతో రాసిన ఆ బోర్డుల్లో కొన్ని పదిహేనేళ్ళు ఉన్నాయి. అతని వృత్తిని మార్చేసిన మనిషి పేరు అతనికి తెలియదు. జోసెఫ్ గెర్బర్ 1924లో వియన్నాలో పుట్టిన యూదు పిల్లవాడు, నాజీల బారి నుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరాడు. కాలేజీలో ఉండగా పైజమా నాడాలో ఉండే ఎలాస్టిక్‌ని పీకి దాని మీద గీతలు పెట్టి సాగే స్కేలు చేసుకున్నాడు, దాన్ని అమ్మడానికే కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ 1983లో సైన్‌మేకర్ అనే యంత్రాన్ని తెచ్చింది. కీబోర్డు మీద మాట టైపు చేస్తే వినైల్ చుట్టలోంచి అక్షరాలు కత్తిరించి ఇచ్చేది. అమెరికాలో కుంచె పట్టిన తరం పదేళ్ళలో చెల్లాచెదురైంది. మన దగ్గరికి ఆ గాలి ఆలస్యంగా, చవకరకం యంత్రాల రూపంలో వచ్చింది. బాబాయి రెండేళ్ళు ఎదురీది, తర్వాత అప్పు చేసి ఒక కటింగ్ ప్లాటరు కొన్నాడు. దానితో అను ఫాంట్లు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది ఇంగ్లీషులో దొరికే సమాచారంలో కనిపించదు. తెలుగు అక్షరాల స్టిక్కరు ఇంగ్లీషు దానికంటే ముందు పోతుంది. స్టిక్కరు ఊడిపోవడం ఎప్పుడూ అంచు దగ్గరే మొదలవుతుంది. వైశాల్యం తక్కువ, అంచు ఎక్కువ ఉన్న ముక్క ముందు లేస్తుంది. మన తలకట్లూ, వత్తులూ, దీర్ఘాల తోకలూ సరిగ్గా అలాంటి ముక్కలే. ఆటో వెనక "శ్రీ"లో రావత్తు పోయి "శీ" మిగలడం, "అమ్మ" కాస్తా "అమ" అవడం మీరు చూసే ఉంటారు. అందుకే బాబాయి వత్తుని అక్షరానికి కలిపేసి, మొనల్ని గుండ్రంగా చేసి కత్తిరిస్తాడు. మొన తేలి ఉంటే తుడిచే గుడ్డ తగిలి లేస్తుంది. గుండ్రంగా ఉంటే తప్పించుకుంటుంది.

ఎండ సంగతి మొదట్లో సగమే చెప్పాను. వేడి చేసే నష్టం వేరు, అతినీలలోహిత కిరణాలు చేసేది వేరు. ఈ కిరణాలు పీవీసీ గొలుసులోంచి ఒక హైడ్రోజన్‌నీ ఒక క్లోరిన్‌నీ ఊడగొడితే, ఆ పక్కవి తేలిగ్గా ఊడతాయి, వాటి పక్కవి ఇంకా తేలిగ్గా. జిప్పు జారినట్టు అన్నమాట. అలా జిప్పు ఊడిన చోట తెలుపు పసుపుగా, తర్వాత గోధుమరంగుగా మారుతుంది. దీన్ని అడ్డుకోవడానికి తయారీలోనే కొన్ని లవణాలు, కిరణాల్ని పీల్చుకునే మందులు కలుపుతారు. అవి ఖర్చయిపోయేదాకా షీటు బాగుంటుంది.

రంగుల్లో నలుపూ తెలుపూ గట్టివి. నలుపులో ఉండే కార్బన్ బ్లాక్ తానే గొడుగు పట్టినట్టు కిరణాల్ని మింగేస్తుంది, తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ కూడా కాపలాదారే. ముందు పోయేవి చవకరకం ఎరుపులూ పసుపులూ. ఎరుపుగా కనిపించాలంటే ఆ రంగు నీలం, ఆకుపచ్చ కాంతిని మింగాలి, ఆ శక్తే దాని అణువుని విరగ్గొడుతుంది. కంప్యూటరు ప్రింటుల్లో అయితే గులాబీ, పసుపు సిరాలు ముందు వెలిసిపోయి నీలమూ నలుపూ మిగులుతాయి. మన కూడళ్ళలో ఆర్నెల్లు ఉంచేసిన ఫ్లెక్సీలు చూడండి, ఏ పార్టీ నాయకుడైనా సరే నీలమేఘశ్యాముడే.

ఏ దిక్కుకి ఉందన్నది కూడా లెక్కలోకొస్తుంది. తయారీదారులు చెప్పే "ఏడేళ్ళు" నిట్టనిలువుగా ఉన్న గోడకి. కారు బానెట్టు మీదో, లారీ కప్పు మీదో పడుకోబెట్టి అతికిస్తే అందులో సగం కూడా ఉండకపోవచ్చు. అరిజోనా లాంటి ఎడారులకి గ్యారంటీ కాలాన్ని విడిగా తగ్గించి రాస్తారు. అమెరికాలో దక్షిణం వైపు గోడకి ఎండ ఎక్కువ కాబట్టి పరీక్షలకి పలకల్ని దక్షిణం వైపు వాల్చి పెడతారు. గుంటూరులో ఆ లెక్క మారుతుంది. మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదుంటాడు, వేసవి ఎండంతా కప్పుకీ, తూర్పు పడమర గోడలకీ తగులుతుంది. ఇలాంటి పరీక్షలు అమెరికాలో ముఖ్యంగా రెండుచోట్ల చేస్తారు, పొడి వేడికి అరిజోనా, తడి వేడికి ఫ్లోరిడా. తడి ఉంటే అంచుల్లోంచి నీరు దిగి జిగురుని వదులు చేస్తుంది, మెత్తబరిచే నూనెని తిని బతికే బూజు నల్లమచ్చలుగా పడుతుంది. కోస్తా ఆంధ్రలో మేనెల అరిజోనా, ఆగస్టు నెల ఫ్లోరిడా. రెండూ ఒకే స్టిక్కరు భరించాలి.

అతికించే ముందు తుడవడం గురించి ఒక్కమాట. కిరోసిన్‌తో తుడవడం మనవాళ్ళ అలవాటు, అది జిడ్డు పొరని వదిలి పోతుంది. దానికంటే సబ్బునీళ్ళు, ఆ తర్వాత డాక్టర్లు సూది మందుకి ముందు రాసే స్పిరిట్ లాంటిది మేలు. కొత్తగా రంగు వేసిన బండి మీద వెంటనే వేస్తే రంగులోంచి వచ్చే ఆవిర్లు బుడగలు కడతాయి. అతికించాక జిగురు పూర్తిగా పట్టడానికి ఒకటి నుంచి మూడు రోజులు కావాలి. మన దగ్గర పొద్దున్న స్టిక్కరు, మధ్యాహ్నం వాహనపూజ, సాయంత్రం బకెట్లతో నీళ్ళు.

ఇదంతా అందం గురించి అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. మెరిసే షీటుకి ఒక దొంగ లక్షణం ఉంది. అది రాత్రి ముందు చస్తుంది, పగలు తర్వాత చస్తుంది. పైనున్న పొర మసకబారి, సన్నటి పగుళ్ళు పడి, నీరు దిగితే గాజుపూసలు వెలుగుని వెనక్కి పంపలేవు. కానీ పగలు చూస్తే ఎర్రగా, శుభ్రంగా బాగానే ఉంటుంది. బండి ఓనరు చూసి, ఉంది కదా, ఇంకెందుకు అనుకుంటాడు. మా ఊరికీ గుంటూరుకీ మధ్య రోడ్డు మీద మిరపకాయల సీజన్లో రాత్రంతా యార్డుకి ట్రాక్టర్లు పోతూనే ఉంటాయి. వాటి ట్రక్కులకి వెనక లైట్లుండవు. ఒక ఫిబ్రవరి రాత్రి టైరు పంక్చరై ఆగి ఉన్న ట్రక్కుని మా వీధి కుర్రాడు మోటారు సైకిలుతో గుద్దాడు. ఇరవై రెండేళ్ళు. పొద్దున్న చూస్తే ట్రక్కు వెనక ఎర్ర రేడియం పట్టీ నిండుగా ఉంది. దాని వయసు ఎంతో ఎవరూ అడగలేదు.

అమెరికాలో పెద్ద ట్రెయిలర్లకి ఎరుపు తెలుపు మెరిసే పట్టీలు తప్పనిసరి చేసింది 1993 డిసెంబరు నుంచి. 2001లో ప్రభుత్వ రవాణా భద్రతా సంస్థ లెక్క వేసి చూస్తే, ఈ పట్టీలున్న ట్రెయిలర్లని చీకట్లో పక్కనుంచో వెనకనుంచో వచ్చి గుద్దడం 29 శాతం తగ్గింది. దీపాలు లేని చీకటి రోడ్ల మీద 41 శాతం. సన్నటి ప్లాస్టిక్కు పట్టీకి ఇది చిన్న సంగతి కాదు. ఆ అధ్యయనంలోనే పట్టీల మీద మట్టి పేరుకుంటే ఫలితం తగ్గుతోందని కూడా రాశారు. రోడ్డు గుర్తులకైతే రాత్రి ఎంత వెలుగు వెనక్కి రావాలో కనీస కొలతల్ని 2008 నుంచి నిబంధనల్లో పెట్టారు. గుర్తు ఉందా లేదా అని కాదు, పనిచేస్తోందా అని కొలవమన్నారు. మనకీ మెరిసే పట్టీలకి ప్రమాణాలున్నాయి. అవి కొత్త లారీ మీద కనిపిస్తాయి. చేతులు మారిన ట్రాక్టరు ట్రక్కు మీద, ఏడేళ్ళ తర్వాత, వాటిని ఎవరు కొలుస్తారు?

2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు కంపెనీ నుంచే వస్తున్నాయి. రేడియం షాపులకి రోజువారీ కూలి తెచ్చిపెట్టేది నంబరు ప్లేట్లే, అది పోయింది. కుంచె పోయినప్పుడు ప్లాటరు ఉంది, ప్లాటరుకి పని తగ్గితే ఏముందో బాబాయికి తెలియదు. ఇప్పుడు అతని పనిలో సగం ట్రాక్టరు ట్రక్కులూ, ధాన్యం లారీలూ. మొన్న ఫోన్లో మాట్లాడుతూ నేను చదివిందంతా చెప్పాను, పూరీ, దోశ, జిప్పు, అన్నీ.

"అవన్నీ నాకెందుకు గానీ అబ్బాయ్, మంచి రోలు తెచ్చి పెడితే ఎవడూ కొనట్లేదు. పక్క షాపువాడు సగం రేటుకి వేస్తున్నాడు, పగలు రెండూ ఒకేలా ఉంటాయి" అన్నాడు.

"రాత్రి చూపించు బాబాయ్" అన్నాను. "రెండు రకాలూ, రెండేళ్ళు ఎండలో ఉన్నవి, పక్కపక్కనే పెట్టి, టార్చిని కంటి పక్కన పట్టుకుని పదడుగుల దూరం నుంచి చూడమను. టార్చి కిందికి పట్టుకుంటే తెలియదు, కంటి పక్కనే ఉండాలి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత షాపు వెనక రేకుల మీద చవక పట్టీ ముక్కా, ఖరీదుదాని ముక్కా అతికించి తేదీ రాసి పెడతానన్నాడు. తేదీ కుంచెతోనే రాశాడట, మార్కరుతో రాస్తే ఎండకి పోతుందని.